చోటు తెలియని గుండు

మొన్న అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే, మేముండే షార్లెట్ నుంచి గంటన్నర దూరంలో జరిగే పాత సామాన్ల సంతకి వెళ్ళాం. తుప్పుపట్టిన తాళాలు, సొట్టలుపడ్డ పాల క్యాన్లు, పాత నాణేల మధ్య ఒక పెద్దాయన అద్దం మూత ఉన్న చెక్కపెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో దూది పరిచి, దాని మీద సీసపు గుండ్లు వరసగా పేర్చాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటివట. ఒక్కోటీ 15 డాలర్లు.

ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. రేగుపండంత ఉంది, బరువు మాత్రం దానికి పొంతన లేదు. సున్నం పూసినట్టు తెల్లటి పొర. ఒక పక్క గుండ్రంగానే ఉంది, రెండో పక్క దేనికో గట్టిగా తగిలి అప్పచ్చిలా అణిగిపోయింది. ఎక్కడ దొరికిందని అడిగితే "నది పక్కన పొలంలో" అన్నాడు. ఏ నది? ఏ పొలం? ఆయనకి తెలియదు. ఎవరో ఏరుకొచ్చి అమ్మితే, ఈయన కొని పెట్టుకున్నాడు. పక్కనున్న ఇంకో గుండు మీద పళ్ళ గాట్లు చూపించి, కాలు కోసేటప్పుడు నొప్పి ఓర్చుకోవడానికి సిపాయి కొరికిన గుండని చెప్పాడు. అలాంటి గుండ్లలో చాలా వాటిని కొరికింది పందులని, పొలాల్లో మట్టి పెళ్ళగిస్తూ నమిలి వదిలేసినవని, వాటిని పరీక్షించినవాళ్ళు ఎప్పుడో తేల్చారు. ఆ మాట ఆయనతో అనలేదు. అణిగిన గుండు మాత్రం కొనుక్కొచ్చాను.

ఇంటికొచ్చి వంటింటి త్రాసు మీద పెడితే 29 గ్రాములు తూగింది. అణిగిపోయిన గుండుకి స్కేలు పెట్టి వ్యాసం కొలవలేం. దానికో దారి ఉంది. న్యూజెర్సీలో 1778 నాటి మాన్మత్ యుద్ధభూమి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన డేనియల్ సివిలిచ్ ఒక సూత్రం కట్టాడు. గ్రాముల్లో బరువుకి ఘనమూలం తీసి 0.2232తో గుణిస్తే, గుండు అణగకముందు ఎన్ని అంగుళాల వ్యాసం ఉండేదో వస్తుంది. 29కి ఘనమూలం 3.07. గుణిస్తే 0.69కి కాస్త తక్కువ. బ్రిటిష్ సిపాయిల బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం ముప్పాతిక అంగుళం, అందులో వేసే గుండు సరిగ్గా ఈ కొలతే. అదే 24 గ్రాములుంటే 0.64 వచ్చేది, అది ఫ్రాన్సు పంపిన తుపాకుల గుండు. 11 గ్రాములుంటే అర అంగుళం, అడవి అంచున వేటాడి బతికే రైతు చేతి రైఫిల్ గుండు.

అంతవరకే. ఇది పేలిందని తెలుసు, గట్టిదానికి తగిలిందని తెలుసు, బహుశా బ్రిటిష్ తరహా తుపాకీదని తెలుసు. ఎక్కడి నుంచి ఎటు పోయిందో, ఏదైనా కోట లోపలికి వచ్చిందో, లోపలి నుంచి బయటికి పోయిందో ఇక ఎప్పటికీ తెలియదు. భూమిలో అది పడి ఉన్న చోటే దాని కథ. ఆ చోటుని ఎవరో 15 డాలర్ల కోసం చెరిపేశారు. ఆ యుద్ధంలో చిన్న కోటల ముట్టడుల గురించి నేల ఏం చెబుతుందో రాయాలనిపించింది ఆ బాధతోనే.

సౌత్ కరోలినాలో 1781 వసంతం, వేసవి కాలాల్లో జరిగినదాన్ని పెద్ద యుద్ధాల లెక్కన చూస్తే ఏమీ అర్థం కాదు. అమెరికన్ల దక్షిణ సేనాని నథానియెల్ గ్రీన్ నార్త్ కరోలినాలోని గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్‌లో వెనక్కి తగ్గాడు, హాబ్‌కర్క్స్ హిల్‌లో ఓడాడు. అయినా ప్రాంతం ఆయన చేతికొచ్చింది. ఎలాగంటే, చార్లెస్టన్ రేవు నుంచి లోపలి ప్రాంతానికి బ్రిటిష్‌వాళ్ళు పరిచిన చిన్న చిన్న కోటల గొలుసు ఒక్కో కొక్కెం చొప్పున ఊడిపోయింది. ఏప్రిల్ 23న ఫోర్ట్ వాట్సన్. మే 10న కామ్‌డెన్‌ని వాళ్ళే ఖాళీ చేశారు. మే 11న ఆరెంజ్‌బర్గ్, 12న ఫోర్ట్ మాట్, 15న ఫోర్ట్ గ్రాన్‌బీ, జూన్ 5న పక్కనున్న జార్జియాలోని అగస్టా. వీటిలో చాలావాటి లోపల ఉన్నది వందా రెండొందల మంది. ముట్టడి సాగింది నాలుగు రోజులో, వారమో. పెద్ద ఫిరంగులు లేవు, నక్షాలు గీసే ఇంజనీర్లు అసలే అరుదు. అందుకే వీటి గురించి మనకున్న కాగితాలు తక్కువ, ఉన్నవి కూడా ఒకరిద్దరు ఆఫీసర్లు రాసినవి.

ఫోర్ట్ మాట్ సంగతే చూడండి. కాంగరీ, వాటరీ నదులు కలిసే చోటికి దగ్గర్లో ఒక గుట్ట మీద రెబెకా మాట్ అనే వితంతువు మేడ. బ్రిటిష్‌వాళ్ళు ఆవిణ్ణి బయటికి పంపి, ఇంటి చుట్టూ కందకం తవ్వి, మట్టికట్ట పోసి, దుంగల దడి కట్టి కోట చేసుకున్నారు. లోపల లెఫ్టినెంట్ మెక్‌ఫర్సన్, సుమారు 180 మంది. బయట అమెరికన్ సేనానులు ఫ్రాన్సిస్ మారియన్, హెన్రీ లీ. మే 11 రాత్రి నది అవతల బ్రిటిష్ సేనాని రాడన్ ప్రభువు సైన్యం మంటలు కనిపించాయి. కోటకి సాయం వచ్చేస్తోంది. ఇక ఇంటికప్పు తగలబెట్టడమొక్కటే దారి. లీ మొహమాటపడుతూ ఇల్లుగలావిడకి సంగతి చెప్పాడట. ఆవిడ నవ్వుతూ ఒప్పుకుని, తన దగ్గరున్న విల్లూ అమ్ములూ తెచ్చిచ్చిందట. ఆ అమ్ములు ఇండియా నుంచి వచ్చినవట! ఎండకి పెళపెళలాడుతున్న చెక్కపెంకుల మీద నిప్పంటుకుంది, కోట లొంగిపోయింది, రెండు పక్షాలవాళ్ళూ కలిసి మంట ఆర్పారు, ఆ మధ్యాహ్నం ఆవిడ రెండు పక్షాల ఆఫీసర్లకీ ఒకే బల్ల మీద భోజనం పెట్టింది.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మన దేశపు బాణం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంటికప్పు ముట్టించడమంటే మాటలా! కానీ ఈ వివరాలు చెప్పింది లీ. ఆయన జ్ఞాపకాలు అచ్చయింది 1812లో, ముట్టడి జరిగిన 31 ఏళ్ళకి. మారియన్ దళంలో పనిచేసిన మరొకాయన, అమ్ముల మాట లేకుండా, నాథన్ సావేజ్ అనే సిపాయి గుగ్గిలం, గంధకం కలిపిన ముద్దని అంటించి కప్పు మీదికి విసిరాడని రాశాడు. ఇక అప్పట్నుంచి చదివినవాళ్ళందరూ పురావస్తుశాస్త్రాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: బాణమా, గంధకం ముద్దా?

ఇది తప్పు ప్రశ్న అని నా వాదన. నేలని సాక్షిబోనులో నిలబెట్టి, ఎవరో పెద్దాయన చెప్పిన కథకి అవుననో కాదనో తలూపమంటున్నాం. నేల చెప్పగలిగినవి వేరే ఉన్నాయి, వాటిని ఏ ఆఫీసరూ రాయలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు? కోటకి ఎంత దగ్గరకి వెళ్ళగలిగారు? వాళ్ళ చేతుల్లో ఒకే రకం తుపాకులున్నాయా, ఇంటి నుంచి తెచ్చుకున్నవా? ఎక్కడ కూర్చుని సీసం కరిగించి గుండ్లు పోసుకున్నారు?

సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ స్మిత్, జేమ్స్ లెగ్ బృందం 2000ల్లో ఫోర్ట్ మాట్ గుట్ట మీద ఈ పనే చేసింది. తరాల తరబడి దున్నిన పొలమది. మెటల్ డిటెక్టర్లు పట్టుకుని వరసలు వరసలుగా నడిచారు. దొరికిన ప్రతి ముక్కకీ జెండా పాతి, చోటు కొలిచి, నంబరు వేసి, అప్పుడు తీశారు. నాగలి సీసపు గుండుని పైకీ కిందకీ తిప్పుతుంది కానీ పక్కకి మరీ దూరం లాక్కుపోదు. అందుకే ఇన్నేళ్ళ సేద్యం తర్వాత కూడా మట్టిలో ఆ నాలుగు రోజుల ఆకారం మిగిలింది. అణిగిన గుండ్లు ఒకచోట గుంపుగా దొరికితే అక్కడ తూటాలు వచ్చి తగిలాయని. అచ్చు నుంచి తీసిన గీత కూడా చెరగని గుండ్రటి గుండ్లు దొరికితే, అక్కడ ఎవరో వంగుని తుపాకీ నింపుకుంటూ చేతిలోంచి జారవిడిచాడని. ఒక్క గుండు ఏమీ చెప్పదు, అమెరికన్ల దగ్గర కూడా పట్టుబడిన బ్రిటిష్ తుపాకులు బోలెడు ఉండేవి. వందల గుండ్లు వాటి వాటి చోట్లతో సహా కాగితం మీదికి వచ్చినప్పుడు గానీ ఒక పక్షం ఎక్కడో, రెండో పక్షం ఎక్కడో తేలదు.

మెటల్ డిటెక్టరంటే ఒకప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞులు ముఖం తిప్పుకునేవారు. అది దొంగతనంగా తవ్వుకునేవాళ్ళ పనిముట్టని వాళ్ళ భావన. 1983లో మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో గడ్డి తగలబడి నేల బయటపడ్డాక, మరుసటి ఏడాది డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అదే పనిముట్టుతో పద్ధతిగా గాలించి చూపించారు. అక్కడి నుంచి దారి మారింది. పనిముట్టులో తప్పు లేదు. ఆ పెద్దాయనకి గుండ్లు అమ్మినవాడి చేతిలోనూ స్మిత్ బృందం చేతిలోనూ ఉన్నది ఒకే యంత్రం. తేడా అంతా చోటు రాసుకోవడంలో ఉంది.

ఒక మిత్రుడితో ఈ మాట అంటే, "గుండ్లు లెక్కపెట్టి ఏం సాధించారు, ఫోర్ట్ మాట్ పడిపోయిందని ముందే తెలుసు కదా" అన్నాడు. చరిత్రంటే గెలుపోటముల పట్టికే అయితే అతను చెప్పింది నిజమే. నాకు మాత్రం ఆ ముట్టడిలో ఉన్నవాళ్ళు కావాలి. లీ తన పుస్తకంలో ఆవిడ ఆతిథ్యం గురించి పరవశంగా రాశాడు. అదే మధ్యాహ్నం కోటలో పట్టుబడిన లాయలిస్టుల్ని, అంటే రాజుపక్షం నిలిచిన స్థానికుల్ని, ఉరితీశారు. లీవై స్మిత్ అనే లాయలిస్టు తన మెడకి తాడు పడబోతుండగా మారియన్ గుర్రం మీద వచ్చి ఆపాడని తర్వాత అచ్చు వేయించాడు. భోజనాల బల్లా ఉరికొయ్యా ఒకే గుట్ట మీద ఉన్నాయి. ఒక్క ఆఫీసరు జ్ఞాపకాన్నే నమ్ముకుంటే మనకి బల్ల ఒక్కటే కనిపిస్తుంది. కోట వైపు కందకం తవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళలో చుట్టుపక్కల తోటల నుంచి తెచ్చిన నల్లజాతి బానిసలూ ఉన్నారు. ఆ బానిసలు ఏ జ్ఞాపకాలూ రాయలేదు. చదవడం, రాయడం నేర్చుకోనిచ్చిందెవరు?

పెద్ద ముట్టడుల కన్నా చిన్నవాటికే ఈ పద్ధతి బాగా పనికొస్తుందని నాకు అనిపించడానికి కారణాలున్నాయి. మైదానంలో యుద్ధమైతే మనుషులు పరిగెడుతూ ఉంటారు, గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ముట్టడిలో రోజుల తరబడి ఒకేచోట తింటారు, పడుకుంటారు, తవ్వుతారు, కాలుస్తారు. చెత్త పేరుకుంటుంది. పైగా చార్లెస్టన్, సవానా లాంటి పెద్ద ముట్టడి స్థలాల మీద నగరాలు లేచాయి. సవానాలో 1779 నాటి స్ప్రింగ్ హిల్ బురుజు కందకం జాడ 2005లో గానీ దొరకలేదు, అదీ నగరం నడిమధ్యలో. ఫోర్ట్ వాట్సన్‌కి అలాంటి గతి పట్టలేదు. అది మారియన్ సరస్సు ఒడ్డున పక్షుల అభయారణ్యంలో ఉంది.

ఆ కోటకి పునాది ఒక దిబ్బ. బ్రిటిష్‌వాళ్ళు రావడానికి కొన్ని శతాబ్దాల ముందు అక్కడి ఆదివాసులు తట్టలతో మట్టి మోసి కట్టుకున్న పూజాస్థలం అది. 1780 చివర్లో దాని నెత్తిన దుంగల దడి కట్టారు, చుట్టూ మొనలు చెక్కిన కొమ్మలు కంచెగా పేర్చారు. లోపల లెఫ్టినెంట్ మెక్‌కే కింద సుమారు 120 మంది. ఏప్రిల్ 15న మారియన్, లీ చుట్టుముట్టారు. వాళ్ళ దగ్గర ఫిరంగి లేదు, పార పలుగులూ లేవు. అప్పట్లో పక్కనున్న స్కాట్స్ సరస్సు నుంచి నీళ్ళు తెచ్చుకునే దారి మూసేస్తే చాలనుకున్నారు. లోపలివాళ్ళు బావి తవ్వుకున్నారు, నీళ్ళు పడ్డాయి! ఈలోగా మారియన్ మనుషుల్లో మశూచి మొదలైంది. అప్పుడు మేజర్ హెజెకయా మేహమ్ ఒక ఉపాయం చెప్పాడు. పక్క తోటల నుంచి గొడ్డళ్ళు తెప్పించి, దుంగలు నరికి, ఒక్క రాత్రిలో కోట కన్నా ఎత్తుగా మంచె నిలబెట్టారు. మన చేలల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచె లాంటిదే, దుంగలు అడ్డంగా నిలువుగా పేర్చి కట్టింది. తెల్లవారేసరికి పైనున్న రైఫిల్‌వాళ్ళకి కోట లోపలంతా కనిపించింది. ఏప్రిల్ 23న మెక్‌కే లొంగిపోయాడు.

ఆ మంచె దుంగలు ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయి ఉంటాయి. 1970ల్లో పురావస్తు శాస్త్రజ్ఞుడు లేలండ్ ఫెర్గూసన్ ఆ దిబ్బ మీద తవ్వినప్పుడు ఆయన ముందున్నవి సీసపు గుండ్లు. వాటి కొలతలు, పేలినవా పేలనివా అన్న సంగతీ పక్కపక్కన పెట్టి రెండు పక్షాల ఆయుధాల్నీ విడదీసి చూశాడు. రాజు సైన్యానికి సరఫరా అయిన గుండ్లు ఒక తీరున ఉంటాయి. తిరుగుబాటుదారులవి ఎవరి తుపాకీకి వాళ్ళు పోసుకున్నవి, రకరకాల కొలతలవి. ఆ అతుకుల బొంత సైన్యం ఎలా ఉండేదో ఏ చిత్రకారుడూ మనకి ఇంత నమ్మకంగా గీసివ్వలేదు.

ఇక నైన్టీ సిక్స్ అనే ఊరు. అక్కడికి నాలుగుసార్లు వెళ్ళాను, మళ్ళీ వెళ్తాను. చెరొకీ ఆదివాసుల కెయోవీ పట్టణానికి అక్కడి నుంచి 96 మైళ్ళని లెక్కగట్టి ఆ పేరు పెట్టారని చెబుతారు. పైన్ చెట్ల మధ్య నుంచి నడిచి ఖాళీ జాగాలోకి రాగానే ఎనిమిది మొనల నక్షత్రం ఆకారంలో మట్టికట్ట. 240 ఏళ్ళ వానలకి కరిగి నడుమెత్తుకి తగ్గినా ఆ మొనలు ఇప్పటికీ తెలుస్తున్నాయి, పైన పచ్చిక. పచ్చిక చెదిరిన చోట మన తెలంగాణ చెలకల్లో ఉండేలాంటి ఎర్రమన్ను, వేలితో గీరితే గోట్లో ఇరుక్కుంటుంది.

1781 మే 22 నుంచి 28 రోజులు ఇక్కడ ముట్టడి సాగింది. ఈ యుద్ధంలో దక్షిణాది పల్లెప్రాంతంలో ఇంతకాలం నడిచిన ముట్టడి ఇంకొకటి లేదు. కోటలో జాన్ హారిస్ క్రూగర్, ఆయన వెంట సుమారు 550 మంది, అందరూ అమెరికన్ లాయలిస్టులే. బయట గ్రీన్, వెయ్యి మంది దాకా. కందకాలు తవ్వించే ఇంజనీరు పోలండ్ నుంచి వచ్చిన కొష్‌చూష్‌కో. మొదటి రాత్రి కోటకి 70 గజాల్లోనే తవ్వకం మొదలుపెట్టించారు. క్రూగర్ మనుషులు బయటికి దూకి తవ్వేవాళ్ళని పొడిచి చంపి, పనిముట్లు ఎత్తుకుపోయారు. దాంతో 400 గజాల వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. వంకరటింకరగా తవ్వుకుంటూ ముందుకి రావడం, ఒక అడ్డకందకం, మళ్ళీ వంకరగా, మళ్ళీ అడ్డకందకం. మూడో అడ్డకందకం దగ్గర నుంచి కోట కిందికి 35 అడుగుల సొరంగం కూడా తవ్వారు, అందులో మందుగుండు పెట్టి పేల్చాలని. పేల్చే అవకాశం రాలేదు. ఆ సొరంగం ఇప్పటికీ నేల కింద ఉంది.

1970లో స్టాన్లీ సౌత్ ఇక్కడ తవ్వేనాటికి ఈ కందకాలు పైకి కనిపించేవి కావు. మట్టి పూడి, గడ్డి మొలిచి, నేల చదునైపోయింది. పై పొర గీకితే, ఒకసారి తవ్వి పూడిన చోట మట్టి రంగు వేరుగా ఉంటుంది. బావి తవ్వించినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది: కదిలిన మన్ను, కదలని మన్ను ఎన్నేళ్ళయినా కలవవు. ఆ రంగు తేడా వెంబడి పోయి ఆయన కందకాల దారి పట్టుకున్నాడు. ఆ చుట్టుపక్కలే ఇంకా పాతది, 1759లో గౌడీ అనే వర్తకుడి కొట్టం చుట్టూ చెరొకీలకి భయపడి కట్టుకున్న కోట జాడ కూడా దొరికింది. ఈరోజు పార్కులో మనం నడిచే దారి పక్కన కందకాలు మళ్ళీ కనిపించేలా ఉంచారంటే ఆ తవ్వకాల పుణ్యమే.

నక్షత్రకోట మధ్యలో ఒక గుంత ఉంటుంది. నీళ్ళ కోసం క్రూగర్ మనుషులు తవ్విన బావి. ఫోర్ట్ వాట్సన్‌లో పడ్డ నీళ్ళు ఇక్కడ పడలేదు. జూన్ ఎండ, బట్ట తడుపుకోవడానికి చుక్క లేదు. ఊటవాగు దగ్గరకి పోతే రైఫిల్‌వాళ్ళు కాలుస్తున్నారు. అప్పుడు నల్లజాతి బానిసల్ని ఒంటి మీద బట్ట లేకుండా చీకట్లో పంపారు. నల్లటి ఒళ్ళు చీకట్లో కలిసిపోతుంది కదా అని. వాళ్ళు తెచ్చిన నీళ్ళతోనే కోట నిలబడింది. ఈ సంగతి రాసినవాడు వాళ్ళ పేర్లు ఒక్కటి కూడా రాయలేదు. మట్టికట్ట పోసిందీ బానిసలే.

ఆ గుంత పక్కన నిలబడినప్పుడల్లా నాకు పురావస్తుశాస్త్రం హద్దులు కూడా అర్థమవుతాయి. చీకట్లో వట్టికాళ్ళతో వాగుకి పోయి కుండతో తిరిగొచ్చిన మనిషి నేలలో సీసం వదలడు. కానీ కోట నుంచి వాగు దాకా ఉన్న దూరం, వాలు, దాక్కోవడానికి చెట్టు చాటు కూడా లేని ఆ జాగా, అవతల రైఫిళ్ళు కూర్చున్న చోటు, ఇవన్నీ కొలిచి మన ముందు పెట్టగలదు. ఆ దారిలో నేను నడిచాను. పట్టపగలు, చేతిలో నీళ్ళ సీసాతో నడిచినా వీపు జలదరించింది.

జూన్ 18న గ్రీన్ ఆఖరి దాడి చేశాడు. గొడ్డళ్ళతో కంప నరికేవాళ్ళు, కొక్కేలతో ఇసుక బస్తాలు లాగేసేవాళ్ళు కందకంలోకి దిగారు. క్రూగర్ రెండు వైపుల నుంచి బయోనెట్ల దళాల్ని అదే కందకంలోకి దింపాడు. దాడి విఫలమైంది. మొత్తం ముట్టడిలో గ్రీన్‌కి సుమారు 150 మంది నష్టం. 2,000 మందితో రాడన్ దగ్గరపడుతుంటే వదిలేసి వెళ్ళిపోయాడు. అయినా జూలైలో బ్రిటిష్‌వాళ్ళే ఆ ఊరిని తగలబెట్టి వదిలిపోయారు, గొలుసులో మిగతా కోటలేవీ మిగలలేదు గనక.

ఆ రాడన్ ఎవరో తెలిసినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఫోర్ట్ మాట్ అవతల మంటలు వేసుకుని, నైన్టీ సిక్స్‌కి ఎండలో సైన్యాన్ని పరిగెత్తించిన ఆ కుర్ర సేనాని తర్వాత మార్క్విస్ ఆఫ్ హేస్టింగ్స్ అయ్యి, 1813 నుంచి 1823 దాకా ఇండియా గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు. నిజాంకి అప్పులిచ్చి హైదరాబాదు ఖజానాని పీల్చిన పామర్ అండ్ కంపెనీకి అండగా నిలిచాడని నిందపడి, పదవి వదిలి వెళ్ళింది ఆయనే. ఇండియా నుంచి అక్కడికి బాణాలు పోయాయట, అక్కడి నుంచి ఇండియాకి పాలకుడు వచ్చాడు.

మా నాన్నగారిది బొబ్బిలి దగ్గర పల్లె. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు పడిపోయిన ఆ మట్టికోట గురించి నాకు తెలిసినవన్నీ చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కన కూర్చుని విన్న బుర్రకథలోంచి వచ్చినవే. తాండ్ర పాపారాయుడు నా కళ్ళముందు ఇప్పటికీ నిలబడతాడు. కానీ ఫిరంగులు ఏ దిక్కున పెట్టారో, గోడ ఏ మూల ముందు పగిలిందో, లోపలివాళ్ళు గుండ్లు ఎక్కడ పోసుకున్నారో కథకి అక్కర్లేదు, కథ చెప్పదు. పోయినసారి ఊరెళ్ళినప్పుడు యుద్ధస్తంభం దగ్గర చాలాసేపు నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా పద్ధతిగా జెండాలు పాతి, చోట్లు రాసుకుని ఆ నేలని అడగాలని ఉంది, పాత సామాన్ల బల్లల మీదికి అంతా చేరకముందే.

సంతలో కొన్న గుండు నా బల్ల మీద చిన్న అట్టపెట్టెలో ఉంది. పెట్టె మీద చీటీ అంటించాను. బరువు 29 గ్రాములు. వ్యాసం 0.69 అంగుళం. ఒక పక్క అణిగింది. చోటు అన్న గడి ఖాళీగా ఉంచాను.